ఏడో గడి

గ్రాఫు గీయడం ఎవరికైనా వస్తుంది. గీసినవాటిని పేజీలో సర్దడమే చిన్న గదిలో చుట్టాలందరికీ పక్కలు వేయడం లాంటి పని. ఒకరి కాలు ఇంకొకరి తలకు తగలకూడదు, గోడవార చోటు అందరికీ కావాలి, మధ్యలో ఒకరు ఒత్తిగిలితే వరసంతా జరగాలి. ఆ లాబ్‌లో ఎవరి పేపరైనా ఈ పని దగ్గరికి వచ్చేసరికి ఒకే బల్ల మీదికి చేరేది. అందుకే పక్క బల్ల అతను ఆ బల్ల దగ్గరి అమ్మాయికి గీతలమ్మ అని పేరు పెట్టాడు. సోడాబుడ్డి అద్దాల పుణ్యమా అని అతనికి కళ్ళజోడు అనే పేరు అంతకుముందే ఉంది కాబట్టి, ఆమె దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

ఈసారి గీతలమ్మ సర్దుతున్నది తన సొంత పేపర్. పత్రికవాళ్ళు వేసుకుంటామన్నారు, ఒక్క షరతుతో. చెట్లన్నిటికీ సగటు తీసి ఒకే గీతగా చూపిస్తే చాలదు, ప్రతి చెట్టుకూ విడిగా ఒక గడి ఉండాలి, గడులన్నిటికీ స్కేలు ఒకటే ఉండాలి, అక్షరాలు చీమల్లా ఉండకూడదు. వారం చివరికల్లా పంపితే అంగీకారం వచ్చేస్తుంది. అది చూపిస్తే కాలేజీలో ఉద్యోగం. ఆ కాలేజీవాళ్ళు ఇప్పటికే ఒకసారి ఆమె కోసం ఆగారు, మళ్ళీ ఆగేది లేదని మొహం మీదే చెప్పేశారు.

ఊరి నడిమధ్య రోడ్డు పక్కన ఒకే వరసలో ఉన్న పన్నెండు చెట్లకు ఆమె సన్నటి లోహపు పట్టీలు కట్టింది. పగలు ఆకులు నీటిని వదిలేస్తుంటే చెట్టు కాండం రవ్వంత సన్నబడుతుంది. రాత్రి వేళ్ళు తాగిన నీటితో మళ్ళీ ఒళ్ళు చేస్తుంది. తేడా కాగితం మందం కూడా ఉండదు గానీ పట్టీకి తెలిసిపోతుంది. పని సగంలో ఉండగా రోడ్డు వెడల్పు చేస్తూ ఏడో చెట్టును కొట్టేశారు. ఆమె దిగాలుపడి కూర్చుంటే, "పోయినదాని గురించి ఏడవకు, ఉన్నవాటికి ఏమైందో చూడు" అంది గైడ్ మేడమ్. అదే పేపర్ అయింది. మిగిలిన చెట్ల సగటు గీత ఇంత కూడా చలించలేదు. దాంతో పేపర్ చివర ఆమె ఒక వాక్యం రాసుకుంది: పక్క చెట్టు పోయిన భారం ఉన్న చెట్ల మీద పడదు, ఏ చెట్టు బతుకు దానిదే. మేడమ్ ఆ వాక్యం చుట్టూ పెన్సిల్‌తో గీత చుట్టినా పట్టుబట్టి నిలబెట్టుకుంది. పేపర్ మొత్తంలో ఆమెకు ముద్దొచ్చే వాక్యం అదొక్కటే.

మధ్యాహ్నానికి గడులు ఒక దారికొచ్చాయి. అడ్డంగా నాలుగు, నిలువుగా మూడు వరసలు. లోపలి గడుల అంచుల మీద అంకెలు తీసేసి ఎడమ పక్కా అడుగునా మాత్రమే ఉంచింది. రాత్రి భాగాలకు లేత బూడిద రంగు అద్దింది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్ళు కూడా చదువుతారు కాబట్టి ఆ రెండు రంగులూ మార్చింది. ఒక గడి గీత పక్క గడి మీదికి వెంట్రుకవాసి దాటుతుంటే దాన్ని లోపలికి జరిపింది. అంతా బాగానే ఉంది, చివరి గడి తప్ప. చెట్లు పదకొండు, గడులు పన్నెండు.

"పన్ను ఊడిన నోరులా ఉంది. ఏ రంగు దేనికో చెప్పే పట్టిక తీసుకెళ్ళి అందులో పెట్టెయ్" అన్నాడు కళ్ళజోడు, తన తెర మీంచి చూపు తిప్పకుండానే.

ఆమెకు మనసొప్పలేదు. ఏడో చెట్టు బతికున్నన్నాళ్ళ లెక్క ఉంది కదా, దాని చోటులో దాన్ని పెట్టి, కొట్టేసిన రోజు దగ్గర ఆపేద్దాం అనుకుంది. ఫైలు తెరిచింది. కొట్టేసిన రోజు దగ్గర ఆగాల్సిన ఫైలు ఆగలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. పట్టీలు ఛాతీ ఎత్తున కడితే దారినపోయేవాళ్ళు లాగుతున్నారని మోకాలి ఎత్తున కట్టింది. రంపం పట్టీకి పైన పడింది. మోడుకు ఆ పట్టీ అలాగే ఉండిపోయింది, విప్పాలన్న సంగతి ఆమె మరిచేపోయింది. ఆరో చెట్టుకూ ఎనిమిదో చెట్టుకూ ఉన్న పెట్టెలోకే దాని తీగ కూడా వెళ్తుంది కాబట్టి ఆ పెట్టె ఇన్నాళ్ళూ మోడు లెక్కను కూడా రాసుకుంటూనే ఉంది.

పోనీ చూద్దామని గీసింది. కొట్టేసిన రోజు నుంచి గీత స్కేలు పెట్టి గీసినంత చదునుగా ఉంది. చచ్చినది చచ్చినట్టే ఉంది, అందులో వింతేముంది. కొట్టేసిన తర్వాతి ముక్కను గడిలో పెట్టి చూసేటప్పుడు మాత్రం, మిగతావాటి స్కేలుకు దీన్ని కట్టడం మరిచిపోయింది. గడులు సర్దేవాళ్ళు రోజుకొకసారైనా చేసే పొరపాటే అది. అలా వదిలేసిన గడి తన స్కేలు తనే ఎంచుకుని, రవ్వంత తేడానైనా గడి నిండా పెంచి చూపిస్తుంది. బొమ్మ మళ్ళీ తెర మీదికి వచ్చేసరికి ఏడో గడిలో చదునైన గీత లేదు. పగలు దిగుతూ రాత్రి లేస్తూ, చిన్న చిన్న అలలున్నాయి.

ఆరో చెట్టు ఫైలు పొరపాటున వచ్చిందనుకుంది. కాదు. పెట్టె నంబరు చూసింది, తీగ నంబరు చూసింది. మోడుదే. కొమ్మ లేదు, ఆకు లేదు, నీటిని వదలడానికి దారే లేదు, అయినా ఊపిరి తీసుకుంటోంది. అది కూడా పక్క చెట్లతో కలిసి కాదు, కాస్త వెనకగా. చెట్లు తాగడం మొదలుపెట్టిన చాలాసేపటికి గానీ ఇది తాగడం లేదు. కుర్చీలో వెనక్కి వాలి, నోటి మీద చెయ్యి పెట్టుకుని, చిన్నపిల్లలా చూస్తూ ఉండిపోయింది.

"దయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావేంటి?" కళ్ళజోడు కుర్చీ జరుపుకుంటూ వచ్చాడు. చూశాడు. అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "ఎండు కర్ర కూడా తేమకు ఉబ్బుతుంది గీతలమ్మా. వాన పడితే మా ఇంటి తలుపు పట్టదు. దాన్ని కూడా చెట్టంటావా?"

"తేమైతే ఇదేంటి?" ఆమె వేలు పెట్టి చూపించింది. అలలు ఒకచోట ఉన్నట్టుండి సగానికి పడిపోయి, అక్కణ్నుంచి అలాగే నడిచాయి. "ఆ రోజు గాలిలో తేమ తగ్గితే అన్ని గడుల్లోనూ తెలియాలిగా?"

"నన్నడిగితే? వెళ్ళి ఆ రోడ్డునడుగు."

అతను వెళ్ళిపోయాక ఆమె చూపు పక్క గడి మీద పడింది. అన్నిటికీ ఒకే స్కేలు పెట్టబట్టి ఇప్పుడు తెలుస్తోంది. మోడు అల సగమైన రోజు నుంచే ఆరో చెట్టు గీత కూడా కొంచెం కొంచెంగా కిందికి జారుతోంది. సగటులో అది ఇన్నాళ్ళూ కనపడలేదు. ఏ చెట్టు బతుకు దానిదే, అని రాసిన వాక్యం గుర్తొచ్చి ఆమె పేపర్ చివరి పేజీ తెరిచి చూసుకుంది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అత్తయ్య వీధి గుమ్మంలో నిలబడి ఎదురింటావిడతో మాట్లాడుతోంది. "వచ్చే నెల నుంచి మా కోడలు కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఇక నన్ను కూడా మేడమ్ గారి అత్తగారనాలి" అని నవ్వుతోంది. గీతలమ్మ తల వంచుకుని లోపలికి వెళ్ళింది.

భర్త సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చి స్టూలు మీద కూర్చుని పాదాలు నొక్కుకుంటున్నాడు. చెట్ల రోడ్డులోంచే అతని బస్సు రోజూ తిరుగుతుంది.

"ఏమండీ, మా చెట్ల రోడ్డులో ఈ మధ్య ఏమైనా జరిగిందా? ఎవరైనా ఏమైనా చేశారా?"

"ఏం చేస్తారు? తవ్వారు. తవ్వడం తప్ప ఇంకేం పనుంది వాళ్ళకి? కేబులో, పైపో. బస్సులన్నీ చుట్టూ తిప్పి తోలించారు."

"ఎప్పుడు?"

"ఎప్పుడంటే ఎలా చెప్తాను? తవ్వినప్పుడల్లా రాసిపెట్టుకోవాలంటే నా ఉద్యోగం అదే అయిపోతుంది."

"నా కళ్ళలో చుక్కలు వేసిన రోజురా" అంది అత్తయ్య లోపలికి వస్తూ. "మర్చిపోయావా? ఆస్పత్రి నుంచి నీ బస్సులోనే కదా వచ్చాం. నాకా ఏమీ కనపడి చావదు. బస్సు ఎడమకు తిరగాల్సింది కుడికి తిరిగింది. నీకు దారి తప్పిపోయిందనుకుని..."

"బస్సులో అందరి ముందూ నా పరువు తీసింది" అన్నాడు అతను. "డ్రైవరుకు దారి తెలీదు, అందరూ దిగిపోండి అని ఒకటే కేకలు. ఇద్దరు నిజంగానే దిగిపోయారు."

తల్లీకొడుకులు పడి పడి నవ్వుతున్నారు. గీతలమ్మ నవ్వలేకపోయింది. అత్తయ్యను ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి ఆ రోజు లాబ్‌కు సెలవు పెట్టింది తనే. ఆ కేకల గొడవలో బస్సు ఎందుకు చుట్టూ తిరిగిందో అడగాలనే తోచలేదు. ఆ తేదీ ఆమెకు బాగా తెలుసు. మోడు అల సగమైన తేదీ అదే.

"ఎక్కడ తవ్వారు? ఏ చెట్టు దగ్గర?"

"ఆ కొట్టేసిన చెట్టు లేదూ, దానికీ అవతలి చెట్టుకీ మధ్య. ఇప్పటికీ సిమెంటు అతుకు తెల్లగా కనిపిస్తుంది. బస్సు ఎక్కిందంటే కుదుపు."

అవతలిది ఎనిమిదో చెట్టు. నేల కింద వేళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. ఆరోదీ ఎనిమిదోదీ కలిసి మోడుకు నీళ్ళు పెడుతున్నాయి. గొయ్యి తవ్వినప్పుడు ఎనిమిదోదాని చెయ్యి తెగింది. అప్పట్నుంచి ఆరోది ఒక్కతే పెడుతోంది, పెట్టలేక చిక్కిపోతోంది. ఇదంతా ఆమెకు ఒక్కసారిగా అర్థమైంది.

మర్నాడు మేడమ్ గదిలో బొమ్మ పరిచింది. మేడమ్ పొదుపుగా మాట్లాడే మనిషి. పారదర్శకమైన స్కేలు తీసుకుని ఏడో గడి మీద పెట్టి, ఆరో గడి మీద పెట్టి, తవ్విన రోజు దగ్గర స్కేలు నిలువుగా ఆనించి చాలాసేపు చూసింది. కిటికీలోంచి పడే ఎండ స్కేలు మీద మెరుస్తోంది.

"ఎంత అందంగా ఉంది!" అంది చివరికి, తనలో తను అనుకున్నట్టు. తర్వాత స్కేలు పక్కన పెట్టేసింది. "సరే. మరి నీ వాక్యం ఏమవుతుంది?"

"నిలబడదు మేడమ్."

"వాక్యం పోతే పేపర్ పోయినట్టే. అడిగినవి సర్ది పంపితే సరిపోతుంది, ఇలా మారిస్తే మళ్ళీ మొదట్నుంచీ చూస్తారు. నెలలు పడుతుంది. నీ ఉద్యోగం అన్ని నెలలు ఆగుతుందా?"

"ఆగదు."

"పత్రికవాళ్ళు అడిగింది చెట్లను చూపించమని. మోడును చూపించమని ఎవరూ అడగలేదు. ఇప్పటికి పదకొండు పంపు. వాక్యాన్ని కొంచెం మెత్తబరుద్దాం. ఉద్యోగంలో చేరాక దీని మీద తీరిగ్గా ఇంకో పేపర్ రాసుకో. ఇందులో నిన్ను తప్పు పట్టేవాళ్ళెవరూ ఉండరు."

"మరి ఆరో చెట్టు..."

"చెట్లన్నాక ఒకటి కాస్త చిక్కుతుంది. ఎవరూ అడగరమ్మా."

గుండెల మీంచి బండ దింపినట్టయింది. మేడమ్ చెప్పిందంటే ఇక చెప్పినట్టే. ఆ రోజంతా ఆమె పదకొండు గడులూ సర్దింది. రంగుల పట్టిక పన్నెండో గడిలో చక్కగా ఇమిడిపోయింది. గీతల మందం సరిపోయింది, అక్షరాలు కళ్ళకు హాయిగా ఉన్నాయి, ఏ అంకె దేన్నీ ఒరుసుకోవడం లేదు. ఇన్నేళ్ళలో ఆమె సర్దిన బొమ్మల్లో ఇంత బాగా కుదిరింది లేదు. కళ్ళజోడు వచ్చి చూసి, "దీన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకోవచ్చు" అన్నాడు. ఆమె మాత్రం ఆరో గడిలో కిందికి జారుతున్న గీతను చూస్తోంది. అది ఎందుకు జారుతోందో చెప్పే గడి ఆ బొమ్మలో లేదు. ఎవరికో పెట్టి పెట్టి చిక్కిపోయినదాన్ని, ఊరికే చిక్కిపోయిందని లోకానికి చూపిస్తోంది తను.

పంపాల్సిన రోజుకు ముందు రోజు పొద్దున, ఆ పట్టీని విప్పేద్దామని రోడ్డుకు వెళ్ళింది. పేపర్లో లేనిదానికి పట్టీ ఎందుకు? స్క్రూడ్రైవరు తీసుకుని మోడు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఇన్నాళ్ళూ పెట్టెలోంచి లెక్కలు తీసుకుపోవడమే గానీ మోడు మొహం చూసింది లేదు. నరికిన చోట మధ్యంతా నల్లబడి, చీలి, ఎండిపోయింది. అంచు మాత్రం ఎండలేదు. చుట్టూతా కొత్త బెరడు లావుగా, నున్నగా, లోపలికి ముడుచుకుంటూ వస్తోంది. గోటితో రవ్వంత గీరింది. గోటి కింద తడి తగిలింది. లోపల లేత ఆకుపచ్చ.

ఆమె ఒక అరచెయ్యి మోడు మీదా, చెయ్యి చాపి రెండో అరచెయ్యి ఆరో చెట్టు వేరు మీదా పెట్టింది. చేతికేమీ తెలియలేదు, తెలియదు కూడా. వెనక బస్సులు పోతున్నాయి, ఎవరో ఫోన్లో ఎవరినో తిడుతున్నారు, సిమెంటు అతుకు తెల్లగా మెరుస్తోంది. తన అరచేతుల కింద, మట్టిలో, ఎవరూ చూడని చోట, ఒకటి ఇంకొకదానికి నీళ్ళు పోస్తోంది. ఆకు లేదు, పువ్వు లేదు, నీడ కూడా ఇవ్వదు, అలాంటిదానికి. ఎందుకు పోస్తోందో ఆమెకు తెలియదు. ఆ తెలియకపోవడం ఎంత పెద్దదిగా తోచిందంటే, ఆ పక్కన ఉద్యోగమూ, పేపరూ, తన ముద్దుల వాక్యమూ చిన్నవైపోయాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. స్క్రూడ్రైవరు సంచిలో పడేసుకుని లేచి, తిన్నగా లాబ్‌కు నడిచింది.

మర్నాడు మేడమ్ తుది ప్రతి చూడడానికి ఆమె బల్ల దగ్గరికే వచ్చింది. తెర మీద పన్నెండు గడులున్నాయి. రెండో వరసలో ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది. నాలుగింటిలోనూ తవ్విన రోజు దగ్గర నిలువుగా ఒక్కో గీత. రంగుల పట్టిక గడుల బయట అడుగుకు దిగిపోయింది. చివరి వాక్యం లేదు. దాని చోటులో, ఏ చెట్టు బతుకు దానిదేనని మేం అనుకున్నాం, ఏడో గడి కాదంటోంది, అని ఉంది.

మేడమ్ నిలబడే చదివింది. కళ్ళజోడు తన కీబోర్డు వంక చూస్తూ కూర్చున్నాడు.

"కాలేజీవాళ్ళకి చెప్పావా?"

"పొద్దునే ఫోన్ చేశాను మేడమ్. ఇంకొకళ్ళని పిలుచుకుంటామన్నారు."

మేడమ్ చుట్టూ చూసి, ఖాళీగా ఉన్న స్టూలొకటి లాక్కుని ఆమె పక్కన కూర్చుంది. ఆ గదిలో మేడమ్ కూర్చోవడం ఎవరూ చూసి ఉండరు. వేలితో ఏడో గడి చూపించింది.

"దీని స్కేలు వేరని గడిలోనే రాయి. కింద వివరణలో రాస్తే ఎవరూ చదవరు. అలల్ని పెంచి చూపించి మోసం చేశామనుకుంటారు." గడి కుడి అంచు మీద వేలు ఆనించి, "అంకెలు కుడి పక్క పెట్టు. ఆ పక్క చోటుంది" అంది.

గీతలమ్మ అంకెలు కుడి పక్కకు జరిపింది. బొమ్మ పత్రికకు వెళ్ళిపోయేదాకా మేడమ్ అక్కణ్నుంచి లేవలేదు.

ఇంట్లో సంగతి చెప్పగానే భర్త, "పోనీలే, చెట్టేదో బతికుందంటున్నావుగా" అని ఊరుకున్నాడు. అత్తయ్య ఊరుకోలేదు. ఎదురింటావిడకు మొహం ఎలా చూపించాలంది, చచ్చిన మొద్దు కోసం బంగారం లాంటి ఉద్యోగాన్ని కాలదన్నుకునేవాళ్ళను ఎక్కడా చూడలేదంది. రెండు పూటలు మూతి బిగించుకుంది. మూడో పూట చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"పద. ఆ మహాతల్లిని నాకూ చూపించు."

సెలవు రోజు కాబట్టి రోడ్డు పల్చగా ఉంది. అత్తయ్య నడిచి నడిచి అలిసిపోయి, చెట్ల వెంట ఉన్న సిమెంటు గట్టు మీద చతికిలపడింది. పక్కనే ఉన్న మోడు వంక నిరాశగా చూసింది.

"ఇదా?"

"ఇదే అత్తయ్యా." గీతలమ్మ కూర్చుని, మూసుకొస్తున్న అంచు చూపించింది. గోటితో గీరి ఆకుపచ్చ చూపించింది. ఆరో చెట్టును చూపించింది, సిమెంటు అతుకు చూపించింది, ఎవరు ఎవరికి ఎటునుంచి పెట్టేవాళ్ళో వేలితో నేల మీద గీసి చెప్పింది.

అత్తయ్య వంగి తన గోటితో తను గీరుకుంది. వేలికంటిన తడిని బొటనవేలితో రుద్ది చూసుకుంది.

"తల కూడా లేదు కదే దీనికి. మరి దేనికని పెడుతోందే అది?"

"తెలీదు అత్తయ్యా. అదే తెలుసుకోవాలి."

"అది తెలిసేదాకా నీకు ఉద్యోగం లేదన్నమాట."

"లేదు."

అత్తయ్య తల ఎత్తింది. ఆవిడ చూపు ఆరో చెట్టు కొమ్మ కొమ్మా తడుముతూ పైదాకా వెళ్ళింది, మళ్ళీ మెల్లగా కిందికి, మోడు దాకా దిగింది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

అంతలో చేతిలో బరువైన సంచితో ఒకావిడ వచ్చి, సంచి దించి, బస్సు వచ్చేదాకా కూర్చుందామని మోడు మీదికి వంగింది. అత్తయ్య గబుక్కున లేచింది.

"అక్కడ కాదమ్మా, ఇలా రా. ఇక్కడ కూర్చో."

"ఏం, దానికేమైంది?" అంది ఆవిడ.

"బతికుంది" అంది అత్తయ్య, తను లేచిన చోటు కొంగుతో తుడిచి ఆవిడకు చూపిస్తూ.